గోల్ ముందు నిలబడే విద్య

హాకీ ఆటలో పెనాల్టీ కార్నర్‌కు విజిల్ పడింది. గోల్‌కీపర్, ఆమెతో పాటు మరో నలుగురు గోల్ గీత వెనక కాచుకుని ఉంటారు. గోల్ పక్క గీత మీద నుంచి నెట్టిన బంతి, గోల్ ముందు గీసిన ‘డి’ ఆకారపు వలయం అంచుకు చేరుతుంది. ఒకరు దాన్ని ఆపుతారు, ఇంకొకరు కర్రకు తగిలించుకుని ఈడ్చి విసురుతారు. దీన్నే డ్రాగ్ ఫ్లిక్ అంటారు. మేటి ఆటగాళ్ల చేతిలో ఆ బంతి గంటకు వంద కిలోమీటర్లకు మించి వస్తుంది. ‘డి’ అంచు నుంచి గోల్‌కు 14.63 మీటర్లే. చూసి, తేల్చుకుని, కదలడానికి గోల్‌కీపర్‌కు దక్కేది అర సెకను.

ఆ అర సెకనును నమ్ముకుని బతుకు దిద్దుకున్న తెలుగమ్మాయి ఎతిమరపు రజని. 1990లో అప్పటి చిత్తూరు జిల్లా యర్రావారిపాలెం మండలం యనమలవారిపల్లెలో పుట్టారు. తండ్రిది వడ్రంగి పని. సర్కారు బడిలో చదువుకుంటూ హాకీ కర్ర పట్టిన ఆ పల్లె పిల్ల భారత జట్టు దాకా ఎదిగారు. 2017లో జపాన్‌లోని గిఫులో ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులో ఆమె ఉన్నారు.

తెలుగువాళ్లకు హాకీ కొత్త కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలోనూ ఆడారు. కానీ ఆయన ఫార్వర్డ్. గోల్ వేసినవాడి పేరు జనం నోట నానుతుంది. ఆపినవాళ్ల పనితనం తెలియాలంటే కాస్త దగ్గరికి వెళ్లి చూడాలి.

నిలబడే తీరు

గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. అంత జాగాను ఒక మనిషి ఒళ్లు కప్పలేదు. అందుకే ఈ విద్యలో మొదటి పాఠం దూకడం కాదు, నిలబడడం. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువంతా ముంగాళ్ల మీద ఉంచాలి. మడమల మీద బరువు పడిందా, కదలిక ఆలస్యమైనట్టే.

రెండో పాఠం ముందుకు రావడం. దీపానికి చేయి దగ్గరగా పెట్టినకొద్దీ గోడ మీద నీడ పెద్దదవుతుంది. గోల్‌కీపర్ కూడా బంతి వైపు రెండడుగులు వేస్తే, కొట్టేవాళ్లకు గోల్ అంతమేర కనబడకుండా పోతుంది. మరీ ముందుకొస్తే పక్కనుంచి తప్పించుకుపోతారు. ఎన్నడుగులు వేయాలన్నది బంతి ఎక్కడుంది, కొట్టేవాళ్ల భుజం ఎటు తిరిగింది అన్నదాన్ని బట్టి తేలుతుంది.

మూడోది, ఆపిన బంతిని ఎటు పంపాలన్నది. ఆపడంతో పని అయిపోదు. ప్యాడ్లకు తగిలి బంతి ఎదురుగానే పడితే ప్రత్యర్థి రెండో దెబ్బకు సిద్ధంగా ఉంటుంది. కాబట్టి కాళ్లకు తొడుక్కున్న కిక్కర్లతో బంతిని పక్క గీతల వైపు తన్నాలి. బంతి మీద పడుకోవడానికి, దాన్ని పట్టుకుని ఉంచుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. ‘డి’ దాటి బయటికొస్తే కర్రతో తప్ప కాలితో ముట్టకూడదు.

పెనాల్టీ కార్నర్‌లో మరో లెక్క ఉంది. మొదటి షాట్ హిట్ అయితే 46 సెంటీమీటర్ల పలక ఎత్తు మించి గోల్‌లోకి పోకూడదు. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. హిట్ వస్తుందనుకుంటే నేల మీద అడ్డంగా ఒరిగి కింది భాగమంతా కప్పేయొచ్చు. ఫ్లిక్ అయితే నిలబడే ఉండాలి. అర సెకనులో తేల్చుకోవాల్సింది ఇదే.

మంచు మీద ఇదే విద్య

కెనడా, రష్యా లాంటి చలిదేశాల్లో ప్రాణంగా చూసుకునే ఐస్ హాకీలోనూ గోల్‌కీపర్‌ది ఇదే కష్టం. అక్కడ గోల్ చిన్నది, 1.83 మీటర్ల వెడల్పు, 1.22 మీటర్ల ఎత్తు. 156–170 గ్రాముల రబ్బరు బిళ్ల ఇంకా వేగంగా వస్తుంది. దాన్ని చేతి తొడుగుతో పట్టేసుకోవచ్చు, అదే తేడా. 1959లో మొహం చీరుకుపోయాక జాక్ ప్లాంట్ అనే గోల్‌కీపర్ ముసుగు వేసుకుని ఆటకు దిగాడు. అప్పటిదాకా ఉత్త మొహంతో ఆడడమే ధైర్యమని నమ్మేవారు. రక్షణ ఉంటేనే ధైర్యం పనికొస్తుందని ఆయన ఆటతో రుజువు చేశాడు.

రెండో గోల్‌కీపర్ విలువ

2016 రియో ఒలింపిక్స్‌కు, టోక్యో ఒలింపిక్స్‌కు రజని రిజర్వ్ గోల్‌కీపర్. మొదటి స్థానం సవితా పునియాది. రిజర్వ్‌గా ఉండడమంటే ఖాళీగా కూర్చోవడం కాదు. సాధనలో వందల ఫ్లిక్‌లకు ఎదురు నిలవాలి. తన జట్టు ఫ్లిక్కర్ల గురి పదునెక్కేది ఆమె మీదే. రేపు ఆడతానో లేదో తెలియకపోయినా, ఆడబోతున్నట్టే ఒళ్లూ మనసూ సిద్ధంగా ఉంచుకోవాలి. ఏళ్ల తరబడి అలా నిలిచిన రజనికి 2024 జనవరిలో ఫలం దక్కింది. మస్కట్‌లో జరిగిన మొట్టమొదటి మహిళల హాకీ5స్ (జట్టుకు ఐదుగురు ఆడే హాకీ) ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్ ఆమే. జట్టు ఫైనల్ దాకా వెళ్లి, నెదర్లాండ్స్ చేతిలో 2–7తో ఓడి, రజతం తెచ్చింది. ఓపికను కూడా ప్రతిభ కిందే లెక్కగట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన బడి మైదానాల్లో

రాయలసీమలోని మా ప్యాపిలి వైపు మెట్ట నేల, గరుసు నేల. బడి మైదానంలో పడితే మోకాలు చెక్కుకుపోతుంది. హాకీ నేర్పాలంటే కర్రలు ఎలాగో సమకూరుతాయి. ప్యాడ్లు, కిక్కర్లు, ఛాతీ కవచం, హెల్మెట్, గొంతు రక్షణ కలిసిన కిట్టు మాత్రం పేదింటి పిల్లకు అందదు. అందుకే గోల్‌లో ఎవరో ఒకరిని నిలబెట్టి పని కానిస్తుంటాం. ఆ పిల్ల దెబ్బలకు భయపడి రెండో రోజు రాదు.

దీనికి దారి పెద్దదేం కాదు. మండలానికి ఒక కిట్టు కొని బడులన్నీ వంతులవారీగా వాడుకోవాలి. కిట్టు వచ్చేదాకా టెన్నిస్ బంతులతో నిలబడే తీరు, ముందుకొచ్చే అడుగులు, పక్కకు తన్నడం నేర్పొచ్చు. ఇవి నేర్చుకోవడానికి పచ్చటి టర్ఫ్ అక్కర్లేదు, చూసి దిద్దే వ్యాయామ ఉపాధ్యాయుడు చాలు. గుత్తి దాటి కిందికి పోతే అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా గ్రామం ఉంది. అక్కడ ఊళ్ల పిల్లలకు హాకీ నేర్పుతున్నారు. మన పిల్లలను అక్కడి పోటీలకు తీసుకెళ్తే, తమ ఈడు పిల్లలు ఎలా ఆడుతున్నారో కళ్లారా చూస్తారు.

యనమలవారిపల్లె నుంచి ఒకరు ఎదగగలిగినప్పుడు ప్యాపిలి నుంచి ఎందుకు ఎదగలేరు? పిల్లల్లో సత్తా ఉంది. కిట్టు, శిక్షణ, ఓపిక సమకూర్చాల్సింది పెద్దవాళ్లమే. వచ్చే విద్యా సంవత్సరం బడి ఖర్చుల జాబితాలో గోల్‌కీపర్ కిట్టును మొదటి వరుసలో రాద్దాం.