జంటకాయ చీలే వేళ

దేవగన్నేరు కొమ్మను కోసి, పాలు కారడం ఆగి కోత ఆరేదాకా నీడన ఉంచి నాటితే చెట్టు వస్తుంది కనుక, గుడి ఆవరణల్లో దీన్ని పెంచేవారు సాధారణంగా కాయ జోలికి పోరు. అయితే కొమ్మ నుంచి వచ్చిన మొక్క తల్లిచెట్టుకు అచ్చమైన ప్రతి మాత్రమే. పూవు రంగులో, పరిమళంలో కొత్తదనం కావాలంటే విత్తనమే దారి. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు పుట్టినిల్లయిన ఈ చెట్టుకు ప్లుమేరియా అన్న శాస్త్రనామం ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త షార్ల్ ప్లుమియే (1646–1704) పేరు మీదుగా వచ్చింది.

చెట్టు నిండా పూసినా కాయలు మాత్రం అరుదు. పూవులో మకరందం ఉండదు. రాత్రి పరిమళానికి మోసపోయి వచ్చే పొడవాటి తొండం పురుగులు పుప్పొడిని చేరవేస్తే తప్ప కాయ కట్టదు. కట్టిన కాయ పశువు కొమ్ముల్లా జంటగా ఎదిగి, పండడానికి ఎనిమిది తొమ్మిది నెలలు తీసుకుంటుంది. ఒక అంచు వెంట మాత్రమే చీలే ఇటువంటి ఎండుకాయను వృక్షశాస్త్రంలో ఏకవిదారక ఫలం అంటారు. పచ్చిగా కోస్తే లోపలి గింజ ముదరదు, చీలేదాకా వదిలితే గాలి పాలవుతుంది. అందుకే తొక్క గోధుమవన్నెకు తిరిగి ముడతలు పడే దశలో పలుచని గుడ్డను కాయ చుట్టూ వదులుగా కట్టి ఉంచడం మేలు. చీలిన కాయలో గింజలు తాటాకు కప్పులోని ఆకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ప్రతి గింజకూ ఒక కొసన కాగితం వంటి పలుచని రెక్క ఉంటుంది.

 తూర్పు కనుమల అడవుల్లో దేవగన్నేరుకు స్వదేశీ చుట్టాలున్నాయి. అంకుడు, కొడిసెపాల రెండూ గన్నేరు కుటుంబానివే. రెండింటికీ గిల్లితే పాలు కారతాయి, రెండూ జంటకాయలే కాస్తాయి. తేడా అల్లా గింజలోనే ఉంది: వీటి గింజకు రెక్కకు బదులు పట్టువంటి కేశగుచ్ఛం, అంటే నూగు కుచ్చు ఉంటుంది, ఎండకు కాయ నోరు తెరిచిందంటే అది గింజను ఎత్తుకుపోతుంది. కొడిసెపాల గింజలే జిగట విరేచనాలకు ఆయుర్వేదం వాడే ఇంద్రయవాలు.

ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ బొమ్మకు ప్రాణం అంకుడు కర్ర. నరికిన మొదలు చిగురించే గుణం ఆ చెట్టుకు ఉన్నమాట నిజమే గాని, మోళ్ల మీదనే భారం వేయకుండా కొత్త చెట్లను పెంచడానికి విత్తనాన్ని సమయానికి సేకరించడం బొమ్మల తయారీలో భాగమే అనుకోవాలి. ఆకు రాలిన కొమ్మలకు వేలాడే అంకుడు కాయలను, కొసలు విడివడకముందే, మంచు తడి ఉండగానే కోసి సంచిలో ఆరనిస్తే, నూగు ఎగిరిపోకుండా గింజ చేతికి వస్తుంది.

మళ్లీ దేవగన్నేరు దగ్గరికి వస్తే, దాని గింజను విత్తేటప్పుడు ఉబ్బిన కొసను మట్టిలోకి దింపి రెక్కను పైకి ఉంచుతారు. తాజా గింజ రెండు వారాల లోపే మొలకెత్తుతుంది. బీజదళాలు విచ్చుకునేటప్పుడు ఎండిన రెక్క ఒక్కోసారి వాటి కొసలకే అంటుకొని ఉంటుంది, దాన్ని లాగకుండా నీటితో తడిపి వదిలేయాలి.