మూలలు కొట్టేస్తే గుండ్రం

ఏ బాలవాడి గోడ చూసినా త్రిభుజం ఒకే తీరున నిలబడి ఉంటుంది: అడుగు కిందికి, మొన పైకి. దాన్ని తలకిందులు చేసి చూపిస్తే నాలుగేళ్ల పిల్లలు చాలామంది అది త్రిభుజమే కాదంటారు. చతురస్రాన్ని మూలమీద నిలబెడితే ‘డైమండ్’ అంటారు. తప్పు వాళ్లది కాదు. డచ్ దంపతులు పియరీ, డీనా వాన్ హీలే 1957లో తమ పరిశోధనల్లో ఈ సంగతే తేల్చారు. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా, పోలికపట్టి గుర్తిస్తారు. భుజాలెన్ని, మూలలెన్ని అన్న ధ్యాస ఆ తర్వాతి మెట్టు. రంగుల చార్టును ఏడాదంతా చూపించినా బిడ్డ ఆ మెట్టెక్కదు. చేతికి పని చెప్పాలి.

ఆ పని ఎలాంటిదో చూడాలంటే నంద్యాల నుంచి కడప దారిలో సుమారు 40 కిలోమీటర్లు పోతే చాలు, ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. జనం దేవుళ్ల ముఖాలు చెక్కేచోట ఆగుతారు, నాకు మాత్రం లింగం చెక్కేచోటే కాలు నిలుస్తుంది. శాస్త్రం ప్రకారం లింగానికి మూడు భాగాలు. అడుగున బ్రహ్మభాగం నలుపలకలు, నడుమ విష్ణుభాగం ఎనిమిది పలకలు, పైన రుద్రభాగం గుండ్రం. కింది రెండూ నేలలోనో, పానవట్టంలోనో దాగిపోతాయి, మనం దండం పెట్టేది ఆ గుండ్రానికే. ఆ గుండ్రం తిన్నగా రాదు. నలుపలకల దిమ్మెకు నాలుగు మూలలు కొడితే ఎనిమిది పలకలవుతుంది. ఆ ఎనిమిదీ కొడితే పదహారు, ఇంకోసారి కొడితే ముప్పైరెండు. ఆపైన మిగిలేది నునుపు చేయడమే. జామెట్రీ పుస్తకంలో వేరువేరు పేజీల్లో ఉండే ఆకారాలు ఇక్కడ ఒకదాని కడుపులోంచి ఒకటి పుడతాయి.

పసిపిల్లలకు ఉలి ఇవ్వలేం. బంకమట్టి ఇవ్వొచ్చు. మా మనవరాలికి వినాయక చవితి మట్టి మిగిలితే ఉండ చేసిచ్చాను. దాన్ని ఇంట్లో పరిచిన బేతంచెర్ల బండమీద ఒకవైపు తట్టి, తిప్పి ఇంకోవైపు తట్టమన్నాను. ఆరు వైపులూ తట్టేసరికి ఘనం తయారైంది. ఆరు ముఖాలని నేను చెప్పనక్కర్లేదు, దాని అరచేతికే తెలిసింది. ఆ తర్వాత మూలలు ఒత్తుతూపోయి, “అవ్వా, మళ్లీ గుండైపాయె!” అని ఒకటే కేక. 1837లో జర్మనీలో కిండర్‌గార్టెన్‌కు నాంది పలికిన ఫ్రోబెల్ తన బొమ్మల్లో గోళానికీ ఘనానికీ నడుమ స్తూపాన్ని పెట్టాడు. రెండింటి గుణమూ దానిలో ఉందని. లింగంలో విష్ణుభాగమూ అలా నడిమి చుట్టమే.

మట్టి దొరకని ఫ్లాటులో ఈ పేపరే చాలు. చదవడం అయ్యాక చదరంగా చింపి పిల్లల చేతికిచ్చి మూలలు చింపమనండి. వంకరగా వస్తాయి, రానివ్వండి. కచ్చితమైన అష్టకోణం కావాలనుకునే టీచర్లకు ఒక కిటుకు: చదరం మూల నుంచి నడిమధ్యకు దారం పట్టండి. అదే పొడవును ప్రతి మూల నుంచీ రెండు పక్కలమీదా కొలిచి చుక్క పెట్టండి. ఎనిమిది చుక్కలూ వరసగా కలిపితే సరి.

త్రిభుజానికి మాత్రం చింపడం కంటే కట్టడం మేలు. బొమ్మలతో సైన్సు చెప్పే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలపడం నేర్పాడు. ముందు పుల్లల మందు గీకేయాలి, అది పెద్దల పని. నాలుగు పుల్లల చదరాన్ని వేలితో నెడితే పక్కకు ఒరుగుతుంది. మూడు పుల్లలది ఎటు నెట్టినా కదలదు. రేకుల షెడ్డు కప్పుకింద ఇనుప త్రిభుజాలు ఎందుకుంటాయో ఆ బిడ్డకు పదేళ్ల తర్వాత ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

నాదొక కోరిక. ఆళ్లగడ్డ శిల్పులతో అంగన్‌వాడీలకు ఇలాంటి సెట్లు చేయిస్తే బాగుండు: నలుపలకలది, ఎనిమిది పలకలది, పదహారుది, గుండ్రంది. పిల్లలు కళ్లు మూసుకుని తడిమి వరసలో పెట్టుకుంటారు. నోట్లో పట్టనంత పెద్దవిగా ఉండాలి, అంచులు బాగా అరగదీయాలి. కాలిమీద పడితే రాయి రాయే కదా అంటారా, వేపకర్రతో చేయించండి. మూలలు కొట్టే లెక్క కర్రకూ అదే.