నాన్న కన్నా పెద్దవాడైన కొడుకు

పన్నెండేళ్ళప్పుడు ఒకే రోడ్డు ప్రమాదంలో అమ్మనీ నాన్ననీ పోగొట్టుకున్నవాడు, యాభయ్యికి దగ్గరపడ్డాక వాళ్ళని మళ్ళీ చూస్తాడు. వాళ్ళు మాత్రం పోయిననాటి వయసులోనే, ముప్ఫైల్లోనే ఉన్నారు. జపాన్ రచయిత తాయిచి యమదా 1987లో రాసిన చిన్న నవలకి ఇదీ పునాది. జపనీస్ పేరుకి దగ్గరగా చెప్పాలంటే ‘వింత మనుషులతో ఒక వేసవి’. ఇంగ్లీషులో వేన్ లామర్స్ ‘స్ట్రేంజర్స్’ అన్నారు. 2003లో వచ్చిన ఆ అనువాదమే నేను చదివింది.

ఇలాంటి కథ అనగానే నాకు కాస్త జంకు. కౌగిలింతలూ, వెక్కిళ్ళూ, ఇన్నేళ్ళూ గుండెలో దాచుకున్న మాటలూ వరసగా వచ్చిపడతాయని. యమదా ఆ దారే తొక్కలేదు. ఆయన ఏళ్ళ తరబడి టీవీ నాటకాలు రాసినవాడు. మనుషులు అసలు సంగతి తప్ప మిగతావన్నీ మాట్లాడుకుంటారని బాగా తెలిసినవాడు. నవల్లో ఆ కొడుకు, హరదా, కూడా టీవీ రచయితే. విడాకులయ్యాయి, కాలేజీకెళ్ళే కొడుకు దూరమయ్యాడు. పగలంతా ఆఫీసులతో నిండి, రాత్రికి ఖాళీ అయిపోయే ఒక భవనంలో ఒంటరిగా ఉంటున్నాడు. కింద పెద్ద రోడ్డు మీద లారీల హోరు ఆగదు, లోపల మాత్రం మనిషి అలికిడి లేదు. ఆ హోరుకీ ఈ నిశ్శబ్దానికీ మధ్యే రచయిత అతని బతుకంతా చెప్పేశాడు.

ఒకరోజు హరదా తను పుట్టి పెరిగిన అసకుసా పేటకి వెళ్తాడు. యమదా పుట్టింది కూడా అక్కడే, 1934లో. హాస్యగాళ్ళు కార్యక్రమాలు చేసే హాల్లో ముందు వరసల్లోంచి ఒక గొంతు వినబడుతుంది. చూస్తే నాన్న పోలికే. ఆయన వెనక్కి తిరిగి, ఇంటికి పోదాం రా అన్నట్టు పిలుస్తాడు. అంతే. ఉరుము లేదు, మెరుపు లేదు. ఇంటికెళ్తే అమ్మ ఉంటుంది, చల్లటి బీరు ఉంటుంది, చెమట పట్టిన ఒంటి మీద గాలి తగలనిమ్మని కసుర్లుంటాయి. తండ్రి బతికున్నప్పుడు సుషీ వంటవాడు, చేతులు ఊరికే ఉండవు. మరోసారి వెళ్ళినప్పుడు తండ్రీ కొడుకులు బంతి విసురుకుంటారు. చచ్చిపోయినవాళ్ళు తిరిగొచ్చారన్న నిజం ఎంత పెద్దదో, చుట్టూ ఉన్న పనులు అంత చిన్నవి. ఈ కొలత ఎక్కడా తప్పకపోవడమే నాకు ఈ నవల్లో అన్నిటికన్నా గొప్పగా అనిపించిన పనితనం.

పేరులో వేసవి కూడా ఊరికే పెట్టలేదు. పోయినవాళ్ళు ఇంటికొచ్చి వెళ్ళే ఒబోన్ పండగ జపాన్‌లో వేసవిలోనే వస్తుంది. మనకి మహాలయ పక్షాలనగానే ఏం గుర్తొస్తుందో, అక్కడి పాఠకుడికి ఆ ఉక్కపోతలోనే అది గుర్తొస్తుంది. రచయిత విడమరిచి చెప్పనక్కర్లేదు.

హరదా వెంటనే నమ్మేయడు. పోలికలున్న ఎవరో దంపతులు అనుకుంటాడు. ఉండబట్టలేక, మీ ఇంటిపేరేమిటని ఆవిడనే అడుగుతాడు. కన్నవాళ్ళకో ఇంటిపేరూ, కొడుక్కో ఇంటిపేరూ ఉంటాయా అన్నట్టు ఆవిడ నవ్వేస్తుంది. పేజీలకి పేజీలు నడవాల్సిన అనుమానం ఒక్క చిన్న నవ్వులో తేలిపోయింది. ఇక్కడో మాట. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే కనక అనువాదకుడికి పేచీ లేదు. అదే తెలుగు చేస్తే? ముప్ఫై అయిదేళ్ళ పరాయి ఇల్లాలితో ‘మీరు’ అంటూ మొదలుపెట్టిన నడివయసు మనిషి, ‘నువ్వు’లోకి ఏ వాక్యం దగ్గర జారాలి? ఆ ఒక్క చోటు పట్టుకుంటే అనువాదం సగం అయిపోయినట్టే.

ఈ రాకపోకలకి వెల ఉంది. చూసినవాళ్ళంతా హరదా చిక్కి శల్యమైపోతున్నాడంటారు, అతనికి మాత్రం అద్దంలో తన ముఖం బాగానే కనబడుతుంది. ఆ భవనంలోనే మూడో అంతస్తులో ఉండే కేయ్ అనే అమ్మాయి అక్కడికి వెళ్ళొద్దని బతిమాలుతుంది. మనమూ ఆమె పక్షమే వహిస్తాం. మనం ఎవరిని అనుమానిస్తున్నాం, ఎవరిని నమ్ముతున్నాం అన్నది రచయిత మన చేతే తేల్పించి పక్కన పెట్టుకుంటాడు, తరవాత వాడుకుంటాడు. కేయ్ సంగతి ఇంతకు మించి చెప్పను. ఒక రాత్రి ఆమె షాంపేన్ సీసాతో వచ్చి తలుపు తడితే హరదా లోపలికి రానివ్వలేదన్నది మాత్రం గుర్తుపెట్టుకు చదవండి.

వీడ్కోలు ఘట్టం సుకియాకి హోటల్లో. కళ్ళెదుట పొయ్యి పెట్టి, మాంసం, కూరలు వండుకుంటూ తినే వంటకం అది. సమయమెంతో లేదని ముగ్గురికీ తెలుసు. కొడుకు తినమని తొందర చేస్తాడు. వాళ్ళు అతన్ని మెచ్చుకుంటారు, అతను తనంత పనికిమాలినవాడు లేడంటాడు. అంతలోనే వాళ్ళు మసకబారిపోతారు. తినకుండానే. ముద్ద నోట్లో పెట్టకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయిన మనిషిని తలుచుకుని ఏళ్ళపాటు బాధపడే జాతి మనది. ఆ పొయ్యి దగ్గర తెలుగువాడికి గొంతు పట్టుకోకపోతే ఆశ్చర్యమే.

ఆ తరవాత వచ్చే ముగింపు నాకు పూర్తిగా నచ్చలేదు. అంతవరకూ మెత్తగా నడిచిన చెయ్యి అక్కడ నెత్తురూ భయమూ దట్టించింది. తర్కం చూస్తే తప్పు లేదు. లేనివాళ్ళకి తెరుచుకున్న తలుపుకీ, ఉన్నమనిషికి మూసుకున్న తలుపుకీ లెక్క సరిపోతుంది. గొంతు మాత్రం వేరే పుస్తకంలోంచి వచ్చినట్టుంది.

ఈ నవలకి యమమోతో షూగొరో పురస్కారం మొట్టమొదటి ఏడే వచ్చింది. 1988లో నొబుహికో ఒబయాషి సినిమాగా తీశారు. 2023లో ఆండ్రూ హేయ్ కథని లండన్‌కి మార్చి ‘ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్’ తీశారు. అందులో అమ్మానాన్నల ఇల్లుగా చూపించింది తను చిన్నప్పుడు పెరిగిన ఇంటినే. యమదా ఆ ఏడాది నవంబరులోనే పోయారు. సినిమా చూసేశాం కదా అనుకోకండి, పుస్తకం చిన్నది, ఒక మధ్యాహ్నం చాలు. సుకియాకి హోటల్ దగ్గరికొచ్చాక మాత్రం కొంచెం నెమ్మదిగా చదవండి.