ఎముక ఆగిన చోట

పోయిన వేసవిలో పిడుగురాళ్ళ వెళ్ళినప్పుడు అమ్మా నేనూ సాయంత్రం బజారుకి బయల్దేరాం. దారిలో ఒక ప్రైవేటు స్కూలు ప్రహరీ గోడ పొడుగునా డైనోసార్లు గీసి ఉన్నాయి. నేను ఆగి బొమ్మ చూశాను. అమ్మ గోడ చూసింది. గోటితో ఒక అంచు గీకి, "పాత సున్నం గీకకుండానే రంగేశారు. రెండు వానలకి పెచ్చులూడిపోద్ది" అంది.

మా అమ్మ ఇరవై రెండేళ్ళు సున్నపు బట్టీల్లో పనిచేసింది. రాయి మోసింది, బొగ్గు మోసింది, కాలిన సున్నం జల్లెడ పట్టింది. గోడ గురించి ఆమె చెప్పేది నిపుణురాలి మాట. నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, బొమ్మని కూడా కథలాగే చదువుతాను. ఆ సాయంత్రం ఒకే గోడ ముందు నిలబడి మేమిద్దరం రెండు వేర్వేరు పాఠాలు చదివాం. ఆ రెండూ కలిపి చదవాలని ఈ ప్రయత్నం.

ముందు నా పాఠం. గోడ మధ్యలో నోరు తెరిచి గర్జిస్తున్న టైరనోసారస్. దానికెదురుగా మూడు కొమ్ముల ట్రైసెరాటాప్స్. వెనక నిప్పులు కక్కే కొండ. కింద గూట్లో నాలుగు గుడ్లు, వాటిని ఎత్తుకుపోవడానికి వంగిన ఒక చిన్న డైనోసార్. అంటే పోరాటం, పెత్తనం, దొంగతనం. పొదిగేవాళ్ళు లేరు. కలిసి మేతకెళ్ళే మంద లేదు. ముసలివి లేవు, పసివి లేవు. ఆడది ఉందంటే గుడ్డు రూపంలోనే ఉంది. కోట్ల ఏళ్ళనాటి లోకం మన జానపద సినిమాలో యుద్ధ సన్నివేశంలా ఎందుకుంది? గోడ గీసిన కుర్రాణ్ణి తప్పుపట్టను. అతను ఏ పుస్తకంలోంచో ఫోన్లోంచో దించుకుని ఉంటాడు. అతని చేతికి ఆ నమూనా అందించిన సంప్రదాయానికి దాదాపు రెండు వందల ఏళ్ళ వయసుంది.

విచిత్రమేమంటే ఆ సంప్రదాయం ఒక స్త్రీ శ్రమ దగ్గర మొదలైంది. ఇంగ్లండులో లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊళ్ళో మేరీ ఆనింగ్ అనే వడ్రంగి కూతురు కొండచరియల్లోంచి శిలాజాలు తవ్వి, అమ్ముకుని బతికింది. 1830లో ఆమె స్నేహితుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ డి లా బీచ్, ప్రధానంగా ఆమె వెలికితీసిన జీవుల ఆధారంగా 'డ్యూరియా యాంటిక్వియర్' అనే నీటిరంగుల చిత్రం వేశాడు. శిలాజాలను ఆధారం చేసుకుని ఒక ప్రాచీన లోకాన్నంతా చూపిన తొలి చిత్రం అదేనంటారు. దాని ప్రతులు అచ్చువేసి అమ్మి, వచ్చిన డబ్బు ఆమెకిచ్చారు. ఆ స్నేహాన్ని తక్కువ చేయను. కానీ లండన్ జియొలాజికల్ సొసైటీ స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. ఆనింగ్ 1847లోనే చనిపోయింది. ఆ చిత్రంలో జంతువులన్నీ ఉన్నాయి, ఒకదాన్నొకటి కొరుక్కుంటూ. తవ్విన చెయ్యి మాత్రం లేదు.

ఇక కుడ్యచిత్రాల్లో చాలా పేరుమోసినది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియంలో ఉంది. రుడాల్ఫ్ జాలింగర్ 1943 నుంచి 1947 దాకా వేసిన 'ది ఏజ్ ఆఫ్ రెప్టైల్స్'. పొడవు 110 అడుగులు, ఎత్తు 16 అడుగులు. ముప్పై కోట్ల ఏళ్ళకు పైబడిన కాలం కుడి నుంచి ఎడమకి ఒకే లోకంలా సాగుతుంది. దాన్ని ఆరిన గచ్చు మీద రంగులద్దే ఫ్రెస్కో సెకో అనే పాత ఇటాలియన్ పద్ధతిలో వేశాడు. 1949లో ఆయనకి పులిట్జర్ ఫెలోషిప్ వచ్చింది. ఆయన భార్య జీన్ డే జాలింగర్ కూడా చిత్రకారిణే. ఆమె కూడా డైనోసార్లు వేసింది. అయితే ఆమెవి పిల్లల పుస్తకాల్లో బొమ్మలు. 1984లో వచ్చిన 'బేబీ డైనోసార్స్' ఆమె బొమ్మలతోనే వచ్చింది. ఆయనకి గోడ, ఆమెకి పుటలు. ఆయన గీసినవి యుగాలు, ఆమె గీసినవి పసివాళ్ళు. ఇది వాళ్ళిద్దరి కాపురం మీద వ్యాఖ్య కాదు. ఏ బొమ్మకి ఎంత జాగా అన్నది ఎవరు నిర్ణయిస్తారన్నదే నా ప్రశ్న.

జాలింగర్ వేసిన ఇంకో బొమ్మ మనందరికీ తెలుసు. వంగి నడిచే కోతి లాంటి జీవి క్రమంగా నిటారుగా నిలబడి మనిషి అయ్యే వరస. 1965లో 'ఎర్లీ మ్యాన్' అనే పుస్తకం కోసం వేశాడు. ఆ వరసలో ఒక్క ఆడమనిషి లేదు. మానవజాతి పరిణామమంతా మగవాళ్ళే నడిచొచ్చినట్టుంటుంది. మన పాఠ్యపుస్తకాలూ కార్టూన్లూ ఆ నమూనానే తిప్పి తిప్పి వాడుకున్నాయి.

ఇలాంటి బొమ్మలకి ఆధారం ఎంత, ఊహ ఎంత? మన దగ్గరి ఉదాహరణే చూద్దాం. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌కి 1988లో పి. యాదగిరి శాస్త్రీయంగా పేరుపెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టి ఉంది. అక్కడ దొరికినవి కనీసం పన్నెండు జీవుల ఎముకలు. కానీ ఒక్క పుర్రె కూడా దొరకలేదు, రెండు పళ్ళు తప్ప. కాబట్టి మనం తలెత్తి చూసే ఆ తల ఊహ. అందులో తప్పులేదు, తల లేకుండా నిలబెట్టలేరు కదా. ఎముక ఆగిన చోట గీసేవాళ్ళ లోకం మొదలవుతుందని గుర్తుంచుకుంటే చాలు. గర్జనకి శిలాజం ఉండదు. కోపానికీ ఉండదు.

ఊహ తీర్పుగా మారినప్పుడే ప్రమాదం. 1923లో మంగోలియా గోబీ ఎడారిలో గుడ్ల గూటి మీద ఒక చిన్న డైనోసార్ ఎముకలు దొరికాయి. ఆ గుడ్లు ఇంకో జాతివని అనుకుని, మరుసటి ఏడు దానికి ఓవిరాప్టర్, అంటే గుడ్ల దొంగ అని పేరుపెట్టారు. పెట్టిన ఆస్బర్న్ కూడా ఈ పేరు తప్పుదారి పట్టించవచ్చని అప్పుడే రాశాడు. 1993లో అదే రకం గుడ్డులో ఓవిరాప్టర్ కుటుంబానికే చెందిన పిండం దొరికింది. ఆ తర్వాత గూటి మీద రెక్కల్లాంటి చేతులు చాచి పొదుగుతూ చనిపోయిన వాటి ఎముకలూ బయటపడ్డాయి. దొంగ అనుకున్నది నిజానికి గుడ్లకి కాపలా. అయినా నామకరణ నియమాల ప్రకారం పేరు మారదు. మా ఊరి గోడ మీద ఈనాటికీ అది దొంగే.

పల్నాటి వాళ్ళకి ఇది కొత్త కాదు. గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రిగా రాజ్యం నడిపిన నాయకురాలు నాగమ్మని మేం చిన్నప్పటి నుంచీ కోడిపందెం మాయలాడిగా, కారంపూడి యుద్ధం తెచ్చిపెట్టిన ఆడదానిగానే విన్నాం. గెలిచినవాళ్ళో పాడినవాళ్ళో ఒక పేరు పెడితే, ఆ పేరే సాక్ష్యమైపోతుంది.

నేను కూడా పొరబడ్డానని ఒప్పుకోవాలి. ఓవిరాప్టర్ కథ చదివి "దొంగ కాదు, తల్లి!" అని సంబరపడ్డాను. తర్వాత 2008 నాటి ఒక పరిశోధన చూశాను. గూటి మీద పొదిగినవి మగవి కావచ్చని దాని వాదన. పొదిగేది తల్లే అయ్యుండాలని నేను ఎందుకనుకున్నాను? నా ఊహ కూడా పితృస్వామ్యం ఇచ్చిన కుంచెతోనే గీసుకున్నాను కదా. ఇంకోటి. 2005లో మేరీ ష్వైట్జర్ బృందం ఒక టైరనోసారస్ తొడ ఎముకలో, గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షుల్లో ఏర్పడే ప్రత్యేక కణజాలాన్ని పోలినది కనిపెట్టింది. గోడ మధ్యలో నోరు తెరిచిన ఆ మహాకాయం ఆడదే అయ్యుండవచ్చు.

ఇప్పుడు అమ్మ పాఠం. రాయిని బొగ్గుతో పేర్చి కాలిస్తే, దాదాపు 900 డిగ్రీల వేడికి అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే పొగలు కక్కుతూ విచ్చుకుంటుంది. గోడకి పూస్తే గాలిలోంచి అదే వాయువుని మెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. గచ్చు తడిగా ఉన్నప్పుడే వేసిన రంగు ఆ రాతిలో కలిసిపోతుంది. అసలు ఫ్రెస్కో రహస్యం ఇదే. అమ్మకి ఆ వాయువు పేరు తెలియదు. మిగతాదంతా తెలుసు.

మా సున్నపురాయిలో డైనోసార్లు దొరకవు. ఎముకలున్న జీవులు పుట్టడానికి చాలా ముందే అది సముద్రం అడుగున పేరుకుంది. ఆ రాయి మోసినవాళ్ళ జాడ కూడా అంతే. అమ్మ పనిచేసిన ఒక బట్టీ హాజరు పుస్తకంలో ఆమె పేరే లేదు. నాన్న పేరు పక్కన 'జత' అని రాసేవారు. కూలీ డబ్బులు జతకి లెక్కగట్టి నాన్న చేతికిచ్చేవారు. ఇరవై రెండేళ్ళకి ఆధారం అమ్మ చేతివేళ్ళూ, ఆమె దగ్గూ. రేపు ఎవరైనా పిడుగురాళ్ళ చరిత్ర గోడ మీద గీస్తే బట్టీ గీస్తారు, లారీ గీస్తారు, యజమానిని గీస్తారు. అమ్మని ఊహించి గీయాలి. ఎవరు ఊహిస్తారు? ఏ పేరుతో?

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, కాగితం ఆగిన చోట గొంతుల్ని ఆధారం చేసుకుంది. గోడల మీద కూడా ఆ పని జరగాలి. మన బడుల్లో అమెరికా టైరనోసారస్ బదులు యామన్‌పల్లి మందని గీయించండి, తల ఊహించినదని పక్కన రాయండి. గోదావరి లోయలో బారాపాసారస్ బయటపడ్డ పరిశోధనకి, 1950ల చివర కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పునాది వేసిన పమేలా రాబిన్సన్ పేరు రాయండి. సున్నం వేసినవాళ్ళ పేర్లు కూడా.

మొన్న ఫోన్లో అమ్మ చెప్పింది, ఆ గోడకి పెచ్చులు లేచాయట. ముందు ఊడింది గుడ్ల దొంగ ఉన్న మూలేనట. "మళ్ళీ ఏస్తారంట. ఈసారన్నా గీకి ఏయమని చెప్పొచ్చా" అంది. పాత పొర గీకకుండా కొత్త రంగు నిలవదన్నది ఆమె పాఠం. నా విమర్శకి అంతకన్నా మంచి సూత్రం ఇంకా దొరకలేదు.