ఆకు కప్పుకున్న పెరడు

పెరడా, సీతంపేట కొండవాలు పెరడా! మాఘమాసపు మంచు ఇంకా విడవక ముందే నీ పని మొదలవుతుంది. పాలకొండ నుంచి కొత్తూరు వైపు సాగే దారికి అటూ ఇటూ కొండలు, ఆ కొండల మీద సవర గిరిజనుల గూడలు, జాతాపుల ఊళ్లు. ఒక పక్క నాగావళి పారుతుంది, ఇంకో పక్క వంశధార. రెండు నదుల నడుమ ఉండి కూడా వేసవిలో బిందెడు నీళ్లకు వాలు దిగి ఎక్కాల్సిన ఇళ్లు నీవి. అందుకే ఇక్కడ ఎండాకాలానికి పెరడు సర్దుకోవడమంటే నేలలో మిగిలిన తడిని దాచుకోవడం.

ముందు పసుపు లేవాలి. ఆకు పండి వాలిపోయిన మడిలో గునపం దిగగానే లేచే ఆ వాసనకు నమస్కారం. కొమ్ములు ఉడికి, ఎండలో ఆరి, మూటలై సోమవారం సంతకు దిగిపోతాయి. విత్తనానికి ఉంచిన దుంప మాత్రం చెట్టు నీడన, ఆకు కింద, తొలకరి దాకా ఓపిక పడుతుంది. పసుపు లేచిన చోట నేల గుల్లబారి ఉంటుంది. ఆనప పాదుకూ బీర పాదుకూ గుమ్మడి పాదుకూ అంతకంటే మంచి చోటు లేదు; తవ్విన పంటే రాబోయే పంటకు దుక్కి అవుతుంది. ఒక్క మూలను మాత్రం గునపం తాకదు. ఆగాకర తీగ ఎండి రాలిపోయిన చోటు అది. పైన చూస్తే ఏమీ లేదు, లోపల దుంప నిద్రపోతోంది, తొలివాన తట్టి లేపితే గాని లేవదు. ఆ చోటును మనసులో పెట్టుకుని, దానిమీద పార పడకుండా ఏటా తప్పుకుని పనిచేసే ఆడవాళ్ల జ్ఞాపకానికి నమస్కారం.

పొయ్యి మీద వేలాడే ఆనపబుర్రా, నిన్నెలా పొగడను? ఏడాదంతా పొగ తాగి నల్లబడ్డావు. నీ కడుపులో బీర గింజ ఉంది, చిక్కుడు గింజ ఉంది, పోయినేటి గుమ్మడిలో అన్నిటికంటే తియ్యనిదాని గింజ ఉంది. ఆ పొగకు జడిసి పురుగు నీ దరి చేరదు. కొట్లో కొన్న పొట్లం విత్తనం ఒక్క కాపుతో మాట తప్పినా, నీ గింజ తప్పదు. అమ్మ చేతి నుంచి కూతురి చేతికి, కూతురి చేతి నుంచి కొత్త ఊరి పెరటికి అది నడిచి వెళ్తుంది.

ఇక పాదు. మూరెడు లోతు తవ్వి, ఏడాది మాగిన గత్తం వేసి, మట్టితో కలిపి, నాలుగు రోజులు ఆగాలి. పచ్చి పేడ వేస్తే ఆ వేడికి లేత వేరు మాడుతుంది. గింజ మొలిచాక కోళ్లు కెలకకుండా చుట్టూ ముళ్లకంప. నీళ్ల కరువు మరీ ఎక్కువైన చోట పాదు పక్కన మట్టికుండను మెడదాకా పూడ్చి, నీళ్లు నింపి, మూత పెడితే చాలు. కుండ చెమ్మగిల్లుతూ వేరుకు కావలసినంతే ఇస్తుంది. రెండు వేల ఏళ్ల కిందట చైనాలో ఫాన్ షెంగ్‌చీ అనే వ్యవసాయ పండితుడు తీగపాదులకు ఈ కుండ పద్ధతినే రాసిపెట్టాడు. ఎండ ఎక్కడైనా ఎండే, దాహం ఎక్కడైనా దాహమే. స్నానాల రాయి నుంచి జారే నీరు అరటికి, గిన్నెలు కడిగిన నీరు కరివేపకు. ఈ పెరట్లో ఒకసారి వాడిన నీరు ఊరికే పోదు.

అన్నిటికంటే ముందు చేతులు జోడించవలసింది నీకే, ఎండుటాకా! పనస ఆకు, మామిడి ఆకు, జీడిమామిడి ఆకు మాఘ ఫాల్గుణాల్లో రాలి, కాలి కింద గలగలమంటాయి. ఎదుటి కొండ మీద ఎండాకాలంలో పోడు పొగ లేస్తుంది. అక్కడ నిప్పుకు ఒక లెక్క ఉంది: బూడిదే ఆ చేనుకు ఎరువు, కొన్నేళ్లు పండించి ఆ నేలను మళ్లీ అడవికి వదిలేయడం పాత మర్యాద. ఇంటి వెనక నేలను వదిలి ఎక్కడికి పోతాం? ఏటా ఇదే నేల పండాలి. ఆకును కాల్చితే దానిలోని నత్రజని పొగతో పాటు గాలిలో కలుస్తుంది, కాస్త పొటాష్ బూడిదగా మిగులుతుంది, అదీ తొలివానకు వాలు వెంట గెడ్డలోకి జారిపోతుంది. కాల్చకుండా పాదు చుట్టూ బెత్తెడు మందాన పరిస్తే ఎండ నేలను తాకదు, తడి ఆవిరి కాదు. ఆ చల్లదనానికి వానపాము పైకి వస్తుంది. తొలకరి నాటికి అడుగు ఆకు నల్లటి మట్టి అయిపోతుంది. వాలు నేలకు ఇది రెండింతల మేలు: ఉరుము వానలో మట్టి కొట్టుకుపోకుండా ఆకే పట్టి ఆపుతుంది. వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చి మట్టిని నిలిపే విద్య సవరలకు ఎప్పటినుంచో ఉంది. కొండ గెడ్డల వెంట వాళ్లు కట్టిన వరి మడుల మెట్లు చూసినవాళ్లు ఆ చేతులకు దండం పెడతారు.

అనాసా, ముళ్ల కిరీటమా! సీతంపేట పేరును పట్నాల దాకా మోసినదానివి నువ్వు. పోర్చుగీసువాళ్ల ఓడల్లో దక్షిణ అమెరికా నుంచి ఈ దేశానికి వచ్చావు. నీకు నీడ పట్టే జీడిమామిడిదీ అదే పుట్టిల్లు, అదే దారి. పగటి ఎండలో ఆకు రంధ్రాలు మూసుకుని కూర్చుంటావు. రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీలుస్తావు. తెల్లవారుజామున నీ ఆకుల దొన్నెలో చేరిన మంచు మొదలు దాకా జారుతుంది. పిలక నాటిన ఏడాదిన్నరకు గాని పండు ఇవ్వవు. నీకోసం వేసవికి ముందు చేయవలసింది కొంచెమే: గడ్డి పెరకడం, ఎండు ఆకులు కోయడం, పై చెట్టు కొమ్మలను అతిగా నరకకుండా చేతిని ఆపుకోవడం. ఆ చెయ్యి ఆపుకోవడమే కష్టం.

అరటికి వెదురు ఊతకర్రలు పెట్టాలి, చైత్ర వైశాఖాల ఈదురుగాలి చెప్పి రాదు. పందిరి కట్లు బిగించాలి. ఒడిశా కొండల నుంచి దిగిన ఏనుగులు కొన్నేళ్లుగా ఈ చుట్టుపక్కల తిరుగుతున్నాయి. పనస పండు వాసన, అరటి గెల వాటిని ఇళ్ల దాకా పిలుస్తాయి. అలాంటి ఊళ్లలో పండకముందే కాయ దించడం కూడా పెరటి పనే అయింది. అడవి తరిగినకొద్దీ వాటి ఆకలి మన దడి దాటుతుంది. వాటిని తిట్టడానికి నాకు నోరు రాదు, గెల పోయిన ఇంటి బాధ కూడా చిన్నది కాదు.

ఇంత చేశాక ఎండలు ముదురుతాయి, పెరడా, నువ్వు ఇవ్వడం మొదలుపెడతావు. అడవిలో ఏరిన చింతపండు, ఇప్పపువ్వు, జీడిపిక్క సంతకో, గిరిజన కార్పొరేషన్ తూకానికో పోతాయి. నీ ఆనపకాయ, నీ మునగాకు, నీ పనస ముక్క మాత్రం ఇంటి కుండలోకే వస్తాయి. చోడి అంబలి పక్కన ఆ కూర ఉన్న ఇంట్లో పిల్లలు వేసవిలో కూడా వాడిపోరు. నీ గుమ్మం దగ్గరి మామిడి కాయ ఎంత ఊరించినా, కొత్తల పండగ చేసి పెద్దలకు పెట్టేదాకా కొరకని మనుషులున్నారు ఇక్కడ. చెట్టుకు కృతజ్ఞత చెప్పాకే తినే ఆ నియమం కంటే గొప్ప తోటపని శాస్త్రం నాకు తెలియదు.

చదువుతున్న అమ్మా, అయ్యా! మీ ఇల్లు ఈ కొండల్లో ఉన్నా, పాలకొండలోనో శ్రీకాకుళంలోనో రెండు గజాల మట్టి పక్కన ఉన్నా, ఈ వేసవిలో వాకిలి ఊడ్చి పోగుచేసిన ఆకు దగ్గర అగ్గిపెట్టె తీయకండి. తెచ్చి పాదులో వేయండి, దాని మీద ఒక చెంబెడు నీళ్లు చల్లండి.