లావు రాజు, బక్క కుక్క

పరిస్మితా సింగ్ రాసిన పిల్లల బొమ్మల పుస్తకం ‘ఫ్యాట్ కింగ్ థిన్ డాగ్’ చదవడానికి రెండు నిమిషాలు చాలు. లావుపాటి రాజు తన బక్క కుక్కతో షికారుకు బయల్దేరతాడు. కుక్క పిట్టను చూసి పరుగందుకుంటుంది. దాని వెనకే రాజు. రోజుల తరబడి పరుగే పరుగు. కుక్క చేతికి చిక్కేసరికి రాజు కూడా చిక్కిపోయి ఉంటాడు. అంతే కథ.

రాత నేర్పడానికి ఇంతకన్నా పనికొచ్చిన పుస్తకం నాకు ఇప్పటిదాకా దొరకలేదు. మొదటి పేజీ నుంచీ రాజుకు ఇంటిపేరులా అంటుకుని ఉన్న మాట ఒకటి చివర్లో ఊడిపోతుంది. మార్పును వివరించే వాక్యమంటూ వేరే లేదు, పిలుపే మారిపోతుంది. ఆ పొదుపు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఐదో తరగతి పిల్లలతో దీన్ని తెలుగు చేయించాను. బోర్డు మీద రాజు కోసం లావు, బొద్దు, బండ అని రాశాం. బొద్దు అంటే ముద్దొస్తున్నాడన్నారు, బండ అంటే తిట్టినట్టుందన్నారు. లావు నిలిచింది. ‘సన్న కుక్క’ అనగానే ఒకడికి సన్నబియ్యం గుర్తొచ్చింది. ‘బక్క కుక్క’ దగ్గర అందరి నోళ్లూ కలిశాయి, ఆ రెండు కావత్తులు అలా మోగాయి మరి. అసలు పేచీ చివరి పేజీలో వచ్చింది. చిక్కిపోయిన రాజును ఏమనాలి? సగంమంది ‘సన్న రాజు’ అన్నారు. వెనక బెంచీ పిల్ల లేచి, “కుక్క మాటే రాజుకు రావాలి టీచర్, లేకపోతే ఇద్దరూ ఒకటయ్యారని ఎలా తెలుస్తుంది?” అంది. పుస్తకం పనితనమంతా ఆ పిల్ల పట్టేసింది.

ఇంత స్వేచ్ఛగా మాటలు మార్చుకోగలిగామంటే, ఆ పుస్తకాన్ని అలా వదిలారు కాబట్టే. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 2015 సెప్టెంబరు 8న మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్‌లో ఇది క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై 4.0 లైసెన్సుతో ఉంది. ఎవరైనా దించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, అనువదించొచ్చు, కథనే మార్చేయొచ్చు. ఎవరి పనికి వాళ్ల పేరు చెప్పాలి, మార్చింది మార్చామని చెప్పాలి.

పుస్తకంలో ఆ పేర్లన్నీ ఉండే పేజీని పిల్లలు తిప్పేస్తుంటే నేను ఆపుతాను. మూల కథ ఎవరిది, అనువాదం ఎవరిది, ఏ పేజీలో బొమ్మ ఎవరు గీశారు, అన్నీ అక్కడుంటాయి. ఒక్కో బొమ్మకు ఒక్కో వరుస! బొమ్మలో ఏముందో కూడా నాలుగు మాటల్లో చెబుతారు. చూసిన బొమ్మను అంత క్లుప్తంగా చెప్పడం కూడా మాకు ఒక పీరియడ్ పాఠమైంది.

మా తెలుగు ప్రతిని కరీంనగర్ వైపు పనిచేసే స్నేహితురాలికి పంపాను. వారం తిరక్కుండానే వాళ్ల ప్రతి వచ్చింది. మా ‘లావు రాజు’ అక్కడ ‘దొడ్డు రాజు’ అయ్యాడు. బక్క కుక్క బక్క కుక్కలాగే ఉంది. చివరి పేజీలో పరిస్మితా సింగ్ పేరు, దాని కింద మా పిల్లల పేర్లు, ఆ కింద వాళ్ల పిల్లల పేర్లు.