ఖడ్గ రేఖ: ఒక ముందుమాట

హైదరాబాదు సాలార్ జంగ్ సంగ్రహాలయంలోని ఆయుధశాలను పాఠశాలగా గ్రహించి, చిత్రకళా విద్యార్థుల నిమిత్తం ఒక యువ ఉపాధ్యాయుడు సంతరించిన ఈ రేఖాభ్యాస గ్రంథాన్ని పాఠకుల చేతికందించే భాగ్యం నాకు దక్కింది. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించిన ఆ సంపద 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా ప్రజల దర్శనానికి తెరవబడి, 1968లో మూసీ తీరాన ఉన్న నేటి భవనానికి తరలిన సంగతి మీకు తెలిసినదే.

ఈ విద్యకు వంశం ఉన్నది. కవచధారియైన అశ్వికుణ్ణి 1498లోనే నీటిరంగులతో చిత్రించిన డ్యూరర్ ఒకరైతే, అప్పులపాలై 1656లో ఆస్తుల జాబితా వ్రాయించుకోవలసి వచ్చిన రెంబ్రాంట్ మరొకరు. ఆ జాబితాలో చిత్రాల సరసన శిరస్త్రాణాలు, తూర్పుదేశాల ఆయుధాలు కనిపించడం, ఆ మహనీయుని పనిగదిలో వాటికెంతటి స్థానముండెనో చెప్పకయే చెప్పుచున్నది.

గ్రంథకర్త విద్యార్థిని తిన్నగా రత్నఖచితమైన పిడుల వద్దకు తీసుకొనిపోడు. అది నాకు మిక్కిలి నచ్చినది. ముందు కటారిని గీయమంటాడు. పిడికిలికి ఇరువైపులా సాగే రెండు కమ్మీలను, వాటిని కలిపే అడ్డపట్టును కొలతతో దించగలిగినవానికి, అక్కడ లేని చేయి తనంత తానే గోచరిస్తుంది. పిదప చార్ ఆయినా కవచం: రొమ్మున ఒకటి, వీపున ఒకటి, పార్శ్వాలకు రెండు ఫలకాలు, ఆ పక్క ఫలకాల పైయంచు చంక కింద ఒంపు తిరిగి ఉండటంలో భుజం కదలిక అంతా ఇమిడి ఉన్నది. గొలుసు కవచంలో ఒక్కొక్క వలయం చుట్టూ ఉన్న నాలుగింటిని పెనవేసుకొంటుంది గనుక, దానిని నీడలతో కప్పిపుచ్చక నాలుగంగుళాల మేర వలయం వెంట వలయంగా గీయమన్న నియమం కఠినమే గాని న్యాయమైనది. మా రోజుల్లో శరీర నిర్మాణాన్ని సున్నపు బొమ్మలతో నేర్పేవారు. ఇంతటి రుచి వాటిలో ఎక్కడిది?

నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరగించిన ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చేవారని తలచుకొన్నప్పుడు, అట్టి ఉక్కుపై ఆమ్లస్పర్శతో తేలే అలల చారలను మన తెలుగు కమ్మరుల శ్రమలిపిగానే చదువుతాను. గ్రంథకర్త వాటికి రెండు పుటలే కేటాయించినాడు. ఒక అధ్యాయమే తగును. మలి ముద్రణలో ఆ లోటు తీరుస్తాడని ఆశిస్తున్నాను.

ఆయుధమంటే రక్తమే గదా అని శంకించే సౌమ్యులు మొదటి ప్రకరణం చదివి నిశ్చయించుకొందురు గాక. తక్కినవారు మెత్తని పెన్సిలుతో బయలుదేరవచ్చు. అద్దాలపై దీపకాంతి ప్రతిఫలించి కొంత విసిగించును, పక్కకు జరిగి నిలుచుంటే సరి. శుక్రవారం మాత్రం సంగ్రహాలయానికి సెలవు.